మహావీరుడి చిరుగుకు మాసిక

అత్తయ్యకు,
నమస్కారాలు. నేను తీస్తున్న సూపర్‌హీరో సీరియల్‌కి బట్టల పని పట్టుబట్టి నీ కుట్టు షాపుకే ఇప్పించాను. పసుపు బట్టలేసుకుని ఇకిలించే పాత రకం వీరుడు కాదు మనవాడు. ఊరు తగలబడుతుంటే వానలో మేడ మీద కూర్చుని, లోకం ఇంతేనని కుమిలిపోతుంటాడు. మొదటి భాగంలో ఒక్క నవ్వు కనిపించినా సీరియల్ ఇంకొకరికి ఇచ్చేస్తానని ఛానల్ ఓనరు తెగేసి చెప్పాడు. కాబట్టి అంతా నలుపే. వీపున వేలాడే కేప్ అంచు చిరిగి ఉండాలి.
తన ఉద్యోగం నీ చేతిలో పెట్టిన మేనల్లుడు
తా.క.: చిరుగు నువ్వే చింపు. బజార్లో చిరిగినవి అమ్మడం లేదు.

ఒరేయ్ అల్లుడూ,
చల్లగా ఉండు. బట్టలు పంపాను. చిరిగినవి మా షాపు లోపలికి వచ్చాయే గానీ ఎప్పుడూ బయటికి వెళ్ళలేదు. నాకు చెయ్యి రాక మీ మామయ్య చేత చింపించాను. ఆయన భోంచేసి వచ్చేలోపు మనసు ఊరుకోక మాసిక వేసేశాను. వాన అన్నావని ఆ వీపు మీది దుప్పటికి లోపల వెచ్చగా పసుపు అస్తరు వేశాను. ఏడుస్తాడు కదా, రుమాలుకి చొక్కాలో జేబు పెట్టాను.
అత్తయ్య
తా.క.: ఊరు తగలబడుతోందంటావు, వాన పడుతోందంటావు. మరి మంట ఆరిపోదూ?

అత్తయ్యా,
కొంప ముంచావు! అది దుప్పటి కాదు, కేప్! లోకం మీద విరక్తి పుట్టినవాడికి జేబులెందుకు? ముక్కు చీదుకునేవాడిని చూసి విలన్ భయపడతాడా? అంతా తిప్పి పంపుతున్నాను. అస్తరు పీకి, జేబు మూసి, కేప్ చింపి పంపు. కాళ్ళు పట్టుకుంటాను.
మేనల్లుడు
తా.క.: మంట సంగతి మా రచయితని అడిగాను. అప్పట్నుంచీ ఆయన నాతో మాట్లాడటం లేదు.

ఒరేయ్ అల్లుడూ,
అరవకు, గొంతు పోతుంది. అస్తరు పీకితే ఆ నల్లబట్ట ఒకటే దురద. లోకం కోసం కుమిలేవాడు వీపు గోక్కుంటే బాగుంటుందా? అందుకని ఉంచేశాను. చిరుగు చింపించాను, కుట్టాను. నల్లదారం అయిపోయి పసుపుదారం వాడితే మాసిక పువ్వులా కుదిరింది.
అత్తయ్య
తా.క.: జేబులో పిప్పరమెంటు వేశాను. మీ వీరుడు తల్లి లేని బిడ్డలా ఉన్నాడు, పాపం.

అత్తయ్యా,
వేరే బట్టలకి టైము లేక అవే తొడిగాం. తాడు కట్టి మేడ మీద నుంచి దూకిస్తే కేప్ తిరగబడి హీరో మొహానికి చుట్టుకుంది. అస్తరు బయటపడి తెరంతా పసుపు! కిందికి దిగి, చలికి జేబులో చెయ్యి పెడితే పిప్పరమెంటు దొరికింది. అది నోట్లో వేసుకుని పడీపడీ నవ్వాడు. కెమెరా తిరుగుతూనే ఉంది. వెనక ఓనరు నిలబడి ఉన్నాడు. నా పని అయిపోయిందనుకున్నాను. ఆయన కళ్ళు తుడుచుకుని, "వీడెవడో గానీ చూస్తుంటే బతకాలనిపిస్తోందయ్యా! ఇలాగే కానివ్వు" అన్నాడు. సీరియల్ నాదే! అలిసిపోయి ఇంటికొచ్చిన జనానికి కాస్త నవ్వు కావాలని నీకు ముందే తెలుసు. నాకే బుద్ధి లేకపోయింది.
నీకు రుణపడిన మేనల్లుడు
తా.క.: ఇప్పుడు విలన్ కూడా జేబు అడుగుతున్నాడు.

ఒరేయ్ అల్లుడూ,
నీ ఉద్యోగం నిలబడింది, అదే పదివేలు. నాకేం తెలుసురా? చిరుగు చూడలేక కుట్టాను, అంతే. సీరియల్ చూశాం. అందరూ ఒకటే ఇకిలింపులు! కాసేపు ఓర్చుకుని మేం రోజూ చూసే శవాల సీరియల్‌కి మార్చేశాం. అందులో ఎప్పుడూ వానే, చచ్చినా ఎవడూ నవ్వడు. ఎంత హాయిగా ఉంటుందో! విలన్ కొలతలు పంపు.
అత్తయ్య
తా.క.: వానలో కుమిలిపోతాడంటూ నువ్వు మొదట రాసిన కథ ఎంత బాగుందిరా! దాన్ని ఎవడు చెడగొట్టాడు?