తలకు నూనె పెట్టకు అక్కా

మా సుజాతక్కకు, కువైట్ నుంచి నీ చెల్లె గంగ దండం పెట్టి రాస్తున్నది. నేను బాగున్నాను. బోధన్‌లో నువ్వు, బావ, పిల్లలు, నీ దగ్గరున్న మనల్ని కన్న అవ్వ బాగున్నారనుకుంటాను. ఫోన్ చేస్తే నువ్వు స్పీకర్ పెడతావు, అవ్వ వింటుంది. అందుకే రాస్తున్నాను.

ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. తిండికి లోటు లేదు కానీ రోజూ అన్నం, కోడికూరే. నోరు చచ్చిపోయింది. ముప్కాల్ ఊరి ఆమె ఒకామె వచ్చే నెల ఇటు వస్తుందట, ఆమెతో పచ్చజొన్న పిండి పంపు. నా గురించి రంది పెట్టుకోకు, బాగానే ఉన్నాను.

నేను చూసుకునే ముసలి మేడంకు మరుపు ఎక్కువైంది. మొన్న ఆసుపత్రికి తీసుకుపోయాం. కంటి లోపలి పొరను ఫోటో తీశారు. తెర మీద చుక్క ఎటు పోతే అటు చూడమన్నారు. తర్వాత తలకు తీగల టోపీ పెట్టి మెదడు అలలను గీతలుగా తీశారు. వీటితోనే మరుపు రోగం ఖాయమని చెప్పలేరట, కానీ ముందుగా జాడ పట్టొచ్చేమోనని చూస్తున్నారట. అంతసేపూ మేడం నా చెయ్యి వదల్లేదు. సొంత బిడ్డనేమో ఎవరని అడిగింది. ఆ బిడ్డ నన్ను కాల్చేసేలా చూసింది. నాకు కోపం రాలేదు అక్కా. నేను నిన్ను అట్లాగే చూస్తాను కదా!

అవును, నీ మీద నాకు కుళ్లు. పోయిన వారం అవ్వ ఫోన్‌లో నన్నేమన్నది? "నువ్వెవలు బిడ్డా? మా సుజాతకు దోస్తువా?" నువ్వు పక్కనే కిసుక్కున నవ్వావు. ఆ పూట నాకు అన్నం దిగలేదు.

నిజామాబాద్‌లో అవ్వకు తీగల పరీక్ష చెయ్యకుండానే పంపేశారన్నావు. పంపరా మరి! పట్నం పోతున్నామని తల నిండా నూనె పెట్టి, జడ వేసి, పూలు పెట్టి తీసుకుపోతివి. జిడ్డు తలకు తీగలు అంటుకోవు. అది విన్నప్పుడు కూడా నాకు ముందు కుళ్లే వచ్చింది. అవ్వ తల నువ్వు దువ్వుతున్నావు, నేనిక్కడ పరాయి ముసలమ్మ తల రుద్దుతున్నాను.

"ముసలితనానికి పరీక్షలెందుకే? నేను మల్ల పోను" అన్నావు. పో అక్కా, నీ కాళ్లు మొక్కుతా. ముందురోజు షాంపూతో తల కడుగు, నూనె ముట్టకు. కళ్ల డాక్టరుకూ చూపించు. మందు దొరికితే మంచిదే. రోగమని తేలితే, నన్ను మరిపించింది ఆ రోగమేనని ఊరుకుంటాను. ఏ రోగమూ లేదంటే మాత్రం, అవ్వకు మొదటినుంచీ నువ్వొక్కదానివే బిడ్డవని ఒప్పుకోవాలి. అది నా వల్ల కాదు.

బావకు దండాలు, పిల్లలకు ముద్దులు. పెద్దదానివి, తిట్టినా సరే, దీవించు.

అవ్వకు రోగమే ఉండాలని మొక్కుకుంటున్న
నీ చెల్లె,
గంగ