నోరు దాటని మూడోసారి

అక్కకి,

తమ్ముడు ఒళ్ళు మండిపోతూ రాయునది. నేను బాగానే ఉన్నాను. బాగాలేనని మా వేలం హాలు ఓనరమ్మ అంటోంది.

నాన్న పోయి, ఆయన ఫొటో స్టూడియో సామాను అమ్మేశాక మళ్ళీ పనిలోకి వచ్చానా? మొన్న మా వేలం హాల్లో ఒక అద్దాల బీరువా పెట్టారు. పాట బాగా లేచింది. "ఒకటోసారి" అన్నాను. "రెండోసారి" అన్నాను. ఆ తర్వాతి మాట రాలేదు. సుత్తి పైకెత్తి బొమ్మలా నిలబడిపోయాను. కొనేవాడు కాసేపు చూసి, గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు. అప్పట్నుంచి ప్రతి సామానుకీ ఇదే వరస. ఇప్పుడు నా పక్కన గుమాస్తాని నిలబెట్టి "మూడోసారి" అతనిచేత అనిపిస్తున్నారు. ఇన్నేళ్ళుగా సుత్తి పట్టినవాణ్ణి, నాకిది అవమానం కాదూ?

పైగా ఓనరమ్మ అంటుందీ, "థెరపీకి వెళ్ళు. సగం ఫీజు నేనిస్తా. వెళ్ళనంటావా, సుత్తి గుమాస్తాకిస్తా" అని. నేను వెళ్ళను. నాకు పిచ్చి లేదు. నువ్వు కూడా ఆ మాటే రాసి పంపు. ఆవిడ ముఖాన పెడతాను.

ఇట్లు,
సుత్తి వదలని తమ్ముడు

తా.క. గుమాస్తా "మూడోసారి" అంటుంటే ఎవరో తుమ్మినట్టుంటుంది.

*

ఒరే తమ్ముడూ,

అక్క ముందు ఆశీర్వదించి, వెంటనే చివాట్లు పెట్టి రాయునది. నీకు పిచ్చి లేదని నేనెక్కడైనా సంతకం చేస్తాను. ఇన్నేళ్ళుగా రైళ్ళలో టికెట్లు తనిఖీ చేస్తున్నదాన్ని, మనిషి ముఖం చూస్తే చాలు, లోపల ఏముందో చెప్పేస్తాను. నీది గొంతు జబ్బు. ఉప్పునీళ్ళు పుక్కిలించు.

మాట్లాడ్డానికి డబ్బేమిట్రా? నువ్వు పుట్టినప్పట్నుంచీ నీతో ఊరికే మాట్లాడుతున్నాను. ఎప్పుడైనా బిల్లు పంపానా? వెళ్ళకు. సుత్తి గుమాస్తాకిస్తానంటే ఇవ్వమను, చూద్దాం.

ఇట్లు,
నీ మేలు కోరే (ఫీజు కోరని) అక్క

తా.క. ఒకవేళ వెళ్ళినా, నాన్న సామాను సంగతి మాత్రం ఎత్తకు. అది మనింటి విషయం.

*

అక్కకి,

తమ్ముడు కొంచెం తలవంచుకుని రాయునది. నీ ఉత్తరం ఓనరమ్మ ముఖాన పెట్టాను. ఆవిడ శ్రద్ధగా చదివి, దాని వెనకే నా అపాయింట్‌మెంట్ టైము రాసి తిరిగిచ్చింది. సుత్తి కోసం వెళ్ళాల్సొచ్చింది.

పడుకోమంటారనుకున్నాను. మంచం లేదు. ఎదురెదురుగా రెండు కుర్చీలు, కిటికీలో ఒక మొక్క, బల్లమీద కాగితం రుమాళ్ళ పెట్టె. ముందు ఒక ఫారం నింపించారు: నిద్ర పడుతోందా, ఆకలేస్తోందా, ఏం మందులు వాడుతున్నావు, ఇలాంటివి. ఆ తర్వాత థెరపిస్టావిడే ఫీజు చెప్పింది. అలవాటుకొద్దీ నేను సగం దగ్గర పాట మొదలుపెట్టాను. ఆవిడ నవ్వింది గానీ కిందికి దిగలేదు. "కట్టుకోవడం కష్టమైతే చెప్పండి, తగ్గించే వీలుంది" అంది. అక్కర్లేదన్నాను. పొగరు మనింటి ఆస్తి కదా.

గంట అనుకున్నానా, గంటకి పది నిమిషాలు తక్కువట! తూకంలో మోసం అన్నాను. దానికీ నవ్వి ఊరుకుంది. ముందుగా చెప్పకుండా మానేస్తే ఫీజు మొత్తం కట్టాలి. మాత్రలివ్వదు. సలహాలూ ఇవ్వదు. ఒకటి రెండు సార్లకే తగ్గిపోతుందని మాట కూడా ఇవ్వదు. మా ఇద్దరికీ పొసగకపోతే వేరే వాళ్ళ దగ్గరికి పంపిస్తుందట. నేను చెప్పింది గది దాటిపోదని మాత్రం గట్టిగా చెప్పింది. ఆ తర్వాత అంతా "ఊ... ఇంకా?" ఆ "ఇంకా" వినేసరికి పాట పెంచమన్నట్టనిపించి, ఒకదానిమీద ఒకటి చెప్పుకుంటూ పోయాను. ఎక్కువగా నీ గురించే.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క. వచ్చే వారం కూడా వెళ్తున్నాను. ఫీజు పోతుందని. అంతే.

*

ఒరే,

నా గురించి ఏం చెప్పావు? వరసగా రాసి పంపు.

మూసిన తలుపులు. గది దాటని మాటలు. నువ్వేమన్నా నవ్వే ఆడమనిషి. వారం వారం డబ్బు. ఒరే, దీన్ని థెరపీ అంటారా? ఈ వయసులో నీకిదేం బుద్ధి? ఆవిడకి పెళ్ళయిందా? కాకపోతే ఆ ముక్క నాకు తిన్నగా చెప్పు, నేనేమీ అనుకోను. కానీ మనిషి నచ్చితే మనిషితో మాట్లాడాలి గానీ, ఫీజు కట్టి కాదు.

మానేసినా డబ్బు కట్టాలా? రైలెక్కనివాడి దగ్గర నేనెప్పుడైనా వసూలు చేశానా? సెలవు పెట్టి వస్తున్నాను. ఆవిడ ముఖం నేనొకసారి చూడాలి.

ఇట్లు,
అన్నీ అర్థమైన అక్క

తా.క. కొత్త చొక్కాలేమైనా కొన్నావా? నిజం చెప్పు.

*

అక్కకి,

తమ్ముడు నిటారుగా కూర్చుని రాయునది. రావద్దు. ఆవిడకి మనవరాలుంది. చొక్కాలు పాతవే. రైలు తప్పిపోయినవాడికి మీవాళ్ళు డబ్బు తిరిగిస్తారా ఏమిటి?

పోయిన వారం ఆవిడ ఒకటే అడిగింది: "'మూడోసారి' అనే మాట మీ నోటినుంచి ఆఖరిసారి ఎప్పుడు వచ్చింది?"

నాన్న స్టూడియోలో తెర అమ్మినప్పుడు, అక్కా. కొండలూ సరస్సూ బొమ్మ వేసిన తెర. దాని ముందు నిలబడని వాళ్ళు మన వీధిలో లేరు. నేనే వేలం వేశాను. మంచి ధర తెచ్చానని అందరూ నా భుజం తట్టారు. ఇద్దరు కూలీలు ఆ కొండల్ని చాపలా చుట్టి ఎత్తుకుపోతుంటే, నాన్నని నా నోటితో నేనే పంపించేశాననిపించింది. ఆ సంగతి ఇన్నాళ్ళూ నాకే తెలీదు. అక్కడ కూర్చుని పైకి అన్నాక తెలిసింది. కాగితం రుమాళ్ళు ఎందుకో కూడా తెలిసింది.

నువ్వు కోప్పడినా, హాల్లో వాళ్ళు నవ్వినా, నేను వెళ్తాను. నోరు నాది. డబ్బూ నాదే.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క. ఉప్పునీళ్ళు పుక్కిలించాను. ఉప్పగా ఉన్నాయి.

*

తమ్ముడికి,

అమ్మేద్దామన్నది నేను కాబట్టి తప్పు నాదేనని మీరిద్దరూ కూర్చుని తేల్చారన్నమాట. సంతోషం. నేను రాను. ఇక ఉత్తరాలూ రాయను.

ఇట్లు,
ముద్దాయి

తా.క. వేళకి తింటున్నావా?

*

అక్కకి,

తప్పు నీదని ఎవరూ అనలేదు. ఆ గదిలో తీర్పులు చెప్పరు. చెబితే నాకూ బాగుండేది, తొందరగా తేలిపోయేది. నువ్వు రాయనన్నా నేను రాస్తాను, ఎందుకంటే నిన్న జరిగింది నీకు తప్ప ఇంకెవరికీ చెప్పలేను.

నిన్న గుమాస్తాని పక్కకి జరగమన్నాను. ఒక బిలియర్డ్స్ బల్ల. పాతది, ఏనుగు కాళ్ళలాంటి కాళ్ళు. ఒక క్లబ్బు సెక్రటరీ పాడాడు. "ఒకటోసారి. రెండోసారి." ఇక అంతే. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఈసారి నేను తలదించలేదు. "మా నాన్న పోయారు. తర్వాతి మాట నాకు కష్టంగా ఉంది. వచ్చేదాకా ఆగండి. ఆగలేనివాళ్ళకి తలుపు అటుంది" అన్నాను. ఒక్కరు కదల్లేదు, అక్కా!

అంతలో స్తంభం పక్కనుంచి ఒక చెయ్యి లేచింది. నల్ల కళ్ళద్దాలు, తలకి స్కార్ఫు కట్టుకున్న ఎవరో ఆవిడ. సెక్రటరీ పాట దాటేసింది. నేనింకా నోరు విప్పలేదు. మళ్ళీ చెయ్యెత్తింది. తన పాటని తనే దాటేసింది! ఇంకోసారి కూడా చెయ్యెత్తబోతుంటే నాకు జాలేసి, "మూడోసారి!" అనేశాను. సుత్తి కొట్టాను. హాలంతా చప్పట్లు.

ఓనరమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. "అద్భుతం! ఇకమీదట ప్రతి సామానుకీ అలాగే ఆగు. నువ్వు బాగుపడొద్దు. థెరపీ మానెయ్, నేనిక సగం ఇవ్వను" అంది. "మొత్తం నేనే కట్టుకుంటాను. బాగుపడే తీరతాను. మీ సుత్తి కావాలంటే తీసుకోండి" అన్నాను. తీసుకోలేదు. ఈ సాయంత్రం పొగరు పక్కన పెట్టి, ఫీజు తగ్గించమని థెరపిస్టుని అడిగాను. తగ్గించింది. నాన్న పోయాక మొదటిసారి తిన్నగా నిద్రపట్టేలా ఉంది.

ఇట్లు,
సుత్తి గల తమ్ముడు

తా.క. ఆ స్కార్ఫావిడ ఎవరోగానీ, మతి ఉన్న మనిషి కాదు.

*

ఒరే తమ్ముడూ,

మతిలేని అక్క రాయునది.

నువ్వు నవ్వింది చాలు. నీ థెరపిస్టుని నిలదీద్దామనే సెలవు పెట్టి వచ్చాను. ముందు నువ్వెలా ఉన్నావో చాటుగా చూద్దామని ఆ కళ్ళద్దాలూ స్కార్ఫూ తగిలించుకుని హాల్లోకి దూరాను. నువ్వు అందరి ముందూ "మా నాన్న పోయారు" అన్నావు. నేను ఆ ముక్క ఇంతవరకూ ఒక్కరితో కూడా అనలేదురా. రైల్లో నా పక్కన పనిచేసేవాళ్ళకి కూడా తెలీదు. ఊరంతటితో వాగుతూనే ఉన్నాను, ఈ ఒక్కటి తప్ప. హాలు నిశ్శబ్దమైపోగానే ఏడుపు ఆపుకుందామని చెయ్యి నోటిదాకా ఎత్తాను. మీ గుమాస్తా దాన్ని పాట అని రాసేసుకున్నాడు. రెండోసారీ అంతే. నేను బల్ల పాడలేదురా, నేను ఏడ్చాను.

అయినా వెనక్కివ్వను. ఓనరమ్మకి చెప్పు. గుమ్మంలో పట్టకపోతే గుమ్మం తీయించాను. ఇప్పుడది ముందుగదిలో ఉంది. గోడకీ దానికీ మధ్య నేను అడ్డంగా నడుస్తున్నాను. ఇరుగుపొరుగు నవ్వితే నవ్వనీ.

మా స్టేషను ఎదుటి వీధిలో కూడా ఒక థెరపిస్టావిడ ఉందట. ఫోన్ చేశాను. శుక్రవారం రమ్మంది. ముందే చెప్తున్నా, నేను నీలా అన్నీ చెప్పేయను. ఆవిడ ఎంత "ఇంకా" అన్నా సరే.

ఇట్లు,
అక్క

తా.క. పది నిమిషాలు తక్కువ అన్నావు కదా. నాలాంటి వాగుడుకాయకి ఆ పదీ కలిపి ఇస్తారేమో కనుక్కుని చెప్పు.