రాజు చొక్కాలో ఉన్నవాడు

అక్టోబరు 18, సెయింట్ లూక్ పండుగ

యుద్ధం అయిపోయిందట. మా దేశం మీదికొచ్చిన నార్మన్లను సముద్రంలోకి తరిమేసిన రాజుగారి మనవళ్ళిద్దరూ సింహాసనం కోసం ఇన్నేళ్ళూ కొట్టుకున్నారు. చివరికి ఎథెల్‌మర్ చచ్చాడు, సివర్డ్ గెలిచాడు. ఎథెల్‌మర్ వైపు వెళ్ళిన మా అబ్బాయి ఆస్గర్ కబురు మాత్రం లేదు.

అక్టోబరు 19

శవాలకు స్నానం చేయించేది నేనే కదా, యార్క్ పెద్ద చర్చికి పిలిపించారు. ఎథెల్‌మర్ శవాన్ని మూడు రోజులు జనానికి చూపిస్తారట, చచ్చాడని నమ్మాలిగా. ముఖం గొడ్డలి దెబ్బకు చితికిపోయింది. ఒంటిమీది ఎర్ర పట్టు చొక్కాయే సాక్ష్యం.

చొక్కా విప్పాను. ఎడమ భుజం మీద కాలిన మచ్చ. చిన్నప్పుడు ఆస్గర్ గంజి కుండ మీదకు లాక్కున్నాడు. పసరు రాసింది నేనే.

వీడు మావాడని ఫాదర్ లెవిన్‌తో చెప్పాను. ఆయన ముందు తలుపు వేశాడు. "శత్రువుల్ని ఏమార్చడానికి ఎథెల్‌మర్ తన చొక్కా మీవాడికి తొడిగి ఉంటాడు మిల్డా. నువ్వు నోరు తెరిస్తే ఎథెల్‌మర్ బతికున్నట్టే, మళ్ళీ యుద్ధమే. మీవాణ్ణి గుంటలో పారేస్తారు. ఊరుకుంటే రాజుల పక్కన పడుకుంటాడు" అన్నాడు.

రాజుల పక్కన ఎందుకు? వాడికి వాళ్ళ నాన్న సమాధి పక్కన చోటుంది.

అక్టోబరు 20

పక్కింటి ఎడ్గిత్‌కు చెప్పేశాను. దాని కొడుకులిద్దరూ ఇంకా సైన్యంలోనే. పిండి పిసుకుతూనే, "నీవాడు ఎలాగూ రాడు, నావాళ్ళనైనా రానివ్వవే" అంది. మళ్ళీ తనే, "రాజమాతవైపోయావు, ఇంక మా గుమ్మం తొక్కుతావా" అంది. వీపు మీద ఒకటిచ్చాను. ఇద్దరం నవ్వాం. తర్వాత అది ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు.

అక్టోబరు 21

ఎవరితోనూ ఏమీ అనలేదు.

అక్టోబరు 22

పూడ్చారు. బిషప్ లాటిన్‌లో చాలాసేపు చదివాడు. ఒక్కసారి కూడా ఆస్గర్ అనలేదు. "ఏంటే ముసలిదానా, రాజుగారు నీకేమైనా చుట్టమా, అంత ఏడుస్తున్నావు?" అని కాపలావాడు వెక్కిరించాడు.

కాదన్నాను.

నవంబరు 11, మార్టిన్ పండుగ

ఎడ్గిత్ కొడుకులు వచ్చారు. పందిని కోశారు. నాకూ ఓ ముక్క పంపింది. ఉప్పెక్కువైంది. తిన్నాను. పడుకున్నాను.

డిసెంబరు 2

ఎథెల్‌మర్ ఓడ దిగాడు, బతికే ఉన్నాడు. ఎడ్గిత్ కొడుకులకు మళ్ళీ పిలుపొచ్చింది. చర్చిలోంచి దొంగ శవాన్ని తవ్వి బయట పడేశారట.

వాణ్ణి తెచ్చుకోడానికి ఎడ్గిత్‌ను తోపుడుబండి అడిగాను. నా ముఖం చూడకుండా ఇచ్చింది.

నాకు సంతోషంగా ఉంది, దేవుడా.