మూడు పాయింట్ ఆరు

మెట్టుగూడ, సికింద్రాబాద్
17 జూలై 2006

ఏమండీ,

మీ శిక్షణ తరగతులు మొదలయ్యాయనీ, బెంగుళూరు చల్లగా ఉందనీ ఫోన్‌లో విన్నాను. అత్తయ్యా నేనూ బాగానే ఉన్నాం. ఫోన్‌లో నేను రెండు మాటలు చెప్పేలోగా మిమ్మల్ని ఎవరో ఒకరు పిలుస్తారు. అందుకే ఈ కాగితం.

మీ పత్రిక వ్యాసం కోసం కంపెనీవాళ్ళు పంపిన కొత్త ప్రాసెసర్ మంగళవారం కొరియర్‌లో వచ్చింది. బజారులోకి ఇంకా రాలేదు కదా, పైన బొమ్మ కూడా లేని తెల్ల అట్టపెట్టెలో పంపారు. బిగించి ఆన్ చేసిన మొదటి గంటలోనే ఇది మంచి చిప్ అని తెలిసిపోయింది. పాతది పెట్టి గేమ్ నడిపితే ఆ చిన్న గదిలో పొయ్యి పక్కన కూర్చున్నట్టుండేది. ఇది కాస్త వెచ్చబడి ఊరుకుంటుంది. కార్ల పందెం గేమ్‌లో పది కార్లు ఒకేసారి మలుపు తిరిగి పొగ లేచే చోట పాతది ప్రతిసారీ తడబడేది. ఇది తడబడలేదు. నిజం చెప్పొద్దూ, చాలా రోజుల తర్వాత ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

తర్వాత వేగం పెంచడం మొదలుపెట్టాను. అత్తయ్య స్టూలు తెచ్చుకుని పక్కనే కూర్చుంది.

"ఏటే భానూ, కంపెనీవోడు సెప్పిన జోరు సాల్దా దీనికి?"

"గేమ్స్ ఆడేవాళ్ళకి చాలదత్తయ్యా. ఉన్న చిప్‌లోంచే ఇంకాస్త పిండుకోవాలని చూస్తారు. దాన్నే ఓవర్‌క్లాకింగ్ అంటారు."

"అయితే ఎద్దుని ముల్లుకర్రతో పొడవడమే. పొడిస్తే నడుత్తాది. ఎంతసేపు నడుత్తాదో అదీ సూడాల."

అత్తయ్య అన్నదే నా పరీక్షంతా. వేగం 3.4 గిగాహెర్ట్జ్ దగ్గర పెట్టి మూడు రోజులు నడిపాను, కరెంటు పోయినప్పుడు తప్ప ఆగలేదు. 3.6 దగ్గర కూడా మొదలవుతుంది. తెర మీద ఆ అంకె కనిపిస్తుంది, ఫోటో తీసుకోవచ్చు. కానీ గేమ్ పెట్టిన అరగంటకో ముప్పావుగంటకో తెర నీలంగా మారి పడిపోతుంది. నేను వంటింట్లో ఉన్నప్పుడు పడిపోతే అత్తయ్య ఒక చింతగింజ గిన్నెలో వేసేది. రెండు రోజుల్లో పదకొండు గింజలయ్యాయి.

నిన్న ఫోన్‌లో మీరేమన్నారు? "తెర మీద 3.6 కనిపించిందా లేదా? కనిపించిందిగా, అదే రాసెయ్." నేను అలా రాయలేదు. 3.4 అనే రాసి, వ్యాసాన్ని ఈ ఉత్తరంతో పాటు మీకు పంపుతున్నాను. దయచేసి మార్చకండి.

ఇంకొక మాట. నాలుగేళ్ళ క్రితం మీకు జ్వరమొస్తే ఆ నెల వ్యాసం నేను రాసిపెట్టాను. తర్వాతి నెలా నేనే రాశాను. అలా ఇప్పటిదాకా ప్రతి పరీక్షా, ప్రతి అంకే నావి, కింద పేరు మీది. డిప్లొమా చదివిన చదువు ఇలాగైనా పనికొస్తోందని సంతోషంగానే ఉన్నాను. ఒకసారి మాత్రం, నా పేరు కూడా వేస్తే ఏమని అడిగాను. "ఆడవాళ్ళ పేరుంటే గేమ్స్ ఆడే కుర్రాళ్ళు నమ్మరు భానూ" అన్నారు. అన్నం తింటూ తింటూ అన్నారు, మీకు గుర్తుండదు. నేను సగం అన్నంలోనే లేచిపోయాను. అదీ మీరు గమనించలేదు. పేరు సంగతి ఇప్పుడు అడగను. అంకెను మాత్రం ముట్టుకోకండి.

మీ
భాను

మెట్టుగూడ
21 ఆగస్టు 2006

కల్యాణ్ గారికి,

ఈ నెల పత్రిక చూశాను. "పెట్టెతో వచ్చే ఫ్యాన్‌తోనే 3.6 దగ్గర నిశ్చింతగా నడుస్తుంది" అని ఉంది. ముందూ వెనకా వాక్యాలు నావే. మధ్యలో ఆ ఒక్కటి మీది.

చూసి ఊరుకున్నాను. రెండు వారాలు ఊరుకున్నాను. అది నా తప్పు.

పోయిన బుధవారం పొద్దున్న ఒకాయన పత్రిక చుట్టి చేతిలో పట్టుకుని వచ్చాడు. పేరు జెరెమియా. బళ్ళో గుమాస్తా పని వదులుకుని బోయిగూడలో గేమింగ్ సెంటర్ పెట్టుకున్నాడట. పత్రిక ఆఫీసులో మన అడ్రసు కనుక్కున్నాడు.

"సార్ ఉన్నడా మేడం? జెర మాట్లాడాలె."

మీరు ఊళ్ళో లేరని చెప్పాను. అత్తయ్య మంచినీళ్ళిచ్చింది. ఆయన తాగి, గ్లాసు కింద పెట్టి చెప్పాడు.

"సార్ రాసింది చూసే పది మిషన్లు గిట్ల సెట్ చేయించిన మేడం. ఆదివారం కాలేజీ టీముల పోటీ పెట్టిన. ఫైనల్ షురూ అయిన అర్ధగంటకు ఒకటి పోయింది. వెంటనే ఇంకోటి. ఎనిమిది టీములు నా మొఖం చూస్తున్నయి. ఏం చెప్పాలె? అందరు లేచి వేరే సెంటర్‌కు పోయిండ్రు. లొల్లి చెయ్యనీకి రాలే మేడం. నేనేం తప్పు చేసిన్నో సార్‌ను అడుగుదామని వచ్చిన."

మీరు వచ్చాక చెబుతానని పంపేయొచ్చు. నాకు చేతకాలేదు.

"మీరేం తప్పు చెయ్యలేదండీ. ఆ పరీక్షలు చేసింది నేను" అన్నాను.

ఆయన నా వైపూ, గదిలో విప్పి ఉన్న మిషన్ వైపూ చూశాడు. "మరి నడ్వదని మీకు ఎర్కేనా?"

"తెలుసు."

ఆయన కోప్పడితే బాగుండేది. తల దించుకుని చెప్పులు వేసుకోబోయాడు. అప్పుడు అత్తయ్య వెనకనుంచి అంది: "నిలబడిపోయేవేటే? ఆ బాబుతో ఎల్లి మిషన్లు బాగుసేసిరా. వంట నాను సూసుకుంటాను."

మూడు రోజులు వెళ్ళాను. పదింటినీ ఒక్కొక్కటే దించుకుంటూ వచ్చాను. చూడ్డానికి అన్నీ ఒకలాంటివే, ఏ రెండూ ఒకలా నడవవు. ఒకటి 3.2 కూడా దాటలేదు. మనకి పంపింది బాగా నడిచే చిప్పేమో, దాని అంకెను అందరికీ చెప్పకూడదని అక్కడ నాకు తెలిసొచ్చింది. మూడో రోజు పదీ నిలకడగా నడిచాయి. కుర్చీలు మాత్రం ఇంకా ఖాళీగానే ఉన్నాయి. పోయిన నమ్మకాన్ని నేను ఏ మీట నొక్కి తేగలను?

బయల్దేరుతుంటే జెరెమియా అడిగాడు. "గింత పని చేసెటోళ్ళ పేరు పేపర్ల ఎందుకు లేదు మేడం?"

ఆటోలో ఇంటికొస్తూ దారంతా ఆ ప్రశ్న గురించే ఆలోచించాను.

అందుకని ఆ పది మిషన్ల కొలతలతో కొత్తగా ఒక వ్యాసం రాసి, మొదటిది తప్పని చెప్పి, నా పేరుతో ఎడిటరుగారికి పంపాను. మీకు చెప్పకుండా పంపాను. ఇక మీ పేరు మీద నేను రాయను. ఇది కోపం కాదు. బాగా అలసిపోయాను, అంతే.

భానుప్రియ

బెంగుళూరు
28 ఆగస్టు 2006

భానూ,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని రెండు రోజులు తిరిగాను. తప్పించుకునే మాటలు కొన్ని తయారు చేసుకున్నాను. వాటిని రాయడం లేదు.

ఆ వాక్యం నేనే మార్చాను. ఎందుకో నీకు చెప్పలేదు. ఇక్కడ ఒక కంపెనీ పరీక్షల ల్యాబ్‌లో ఉద్యోగం ఉందని తెలిసి, నా పేరుతో అచ్చయిన వ్యాసాలన్నీ జతచేసి అర్జీ పెట్టుకున్నాను. పెద్ద అంకె ఉంటే వాళ్ళ కళ్ళలో పడతాననుకున్నాను. పడ్డాను. మొన్న శుక్రవారం ఇంటర్వ్యూకి పిలిచారు.

ముగ్గురు కూర్చున్నారు. ముందు ఒక మిషన్ పెట్టి, వేగం పెంచి చూపించమన్నారు. నువ్వు చేస్తుంటే వెనక నిలబడి ఎన్నిసార్లు చూశానో, అలాగే చేశాననుకున్నాను. తెర నల్లబడింది. మళ్ళీ ఎలా తేవాలో తెలియలేదు. ముగ్గురిలో చిన్నది, కాంతమణి అనే అమ్మాయి, లేచొచ్చి మూత తీసి ఏదో చిన్న ముక్క ఇటునుంచి అటు మార్చింది. తెర వచ్చింది.

"ఇది మీ వ్యాసం చదివే నేర్చుకున్నాను సార్. కాలేజీలో ఉన్నప్పటినుంచీ అన్నీ దాచుకున్నాను" అంది. వెటకారం కాదు భానూ. నాకు ధైర్యం చెప్పాలని అంది.

"అవి నేను రాయలేదమ్మా. మా ఆవిడ రాసింది" అన్నాను.

మిగతా ఇద్దరూ కాగితాలు సర్దుకున్నారు. ఆ అమ్మాయి మాత్రం పెన్ను తీసి, "ఆవిడ పేరేంటి సార్?" అని అడిగింది. చెప్పాను. నాలుగేళ్ళలో ఆ పని గురించి నీ పేరు పైకి పలకడం అదే మొదటిసారి. ఆమె పుస్తకంలో రాసుకుంది. చదివేవాళ్ళెవరో తెలియకుండానే, నీ పేరుంటే నమ్మరని నీతో అన్నాను. గుర్తులేదనుకున్నావు. గుర్తుంది.

ఎడిటరుగారు ఫోన్ చేశారు. పాత వ్యాసాలన్నీ ఎవరివని అడిగితే నిజం చెప్పాను. నా శీర్షిక ఆపేస్తున్నామన్నారు. 3.6 నేను కావాలని మార్చిందేనని ఒప్పుకుంటూ నేనొక ఉత్తరం పంపాను, వచ్చే సంచికలో వేస్తారు. నీ వ్యాసం వేసుకోవాలో లేదో వాళ్ళు చదివి తేల్చుకుంటారు. నేను సిఫారసు చెయ్యలేదు. నా సిఫారసుకి ఇప్పుడు విలువేముంది?

శిక్షణ శనివారంతో అయిపోతుంది. ఆదివారం పొద్దున్న సికింద్రాబాద్‌లో దిగుతాను. ముందు బోయిగూడ వెళ్ళి జెరెమియాని కలుస్తాను. ఆయన ఎన్ని మాటలన్నా విని, ఆ తర్వాతే మెట్టుగూడ వస్తాను. లోపలికి రమ్మనాలో అక్కర్లేదో నువ్వూ అమ్మా మాట్లాడుకోండి.

కల్యాణ్