వెండి అంచు కింద

కొలోన్, మంగళవారం

అమ్మా,

నేను బాగున్నాను, కూజా కూడా బాగుంది, కంగారు పడకు. నువ్వు పంపిన మన జాడీమట్టి బీరు కూజాను ఎస్సర్ గారి వెండికొట్లో ఇచ్చాను. మూత బందు బిగించడానికి ఆయన కూజా మూతి చుట్టూ ఉన్న వెండి అంచు విప్పాడు. చూస్తే, దాని కింద రెండువేళ్ళ మేర పెంకు లేదమ్మా! ఎప్పుడో ముత్తవ్వల కాలంలోనే ఊడిపోయిందట. "విరిగిందని మీవాళ్ళు పారేయలేదు, వెండి తొడిగించి నెత్తిన పెట్టుకున్నారు" అని ఆయన ఒకటే నవ్వు.

మరి నువ్వో? "మా ఇంటి కూజాకే ఇన్నాళ్ళూ చిన్న పెచ్చు ఊడలేదు, ఒకసారి నిశ్చితార్థం చెడిన పిల్ల మాకెందుకు?" అని అన్నయ్య మనసుపడ్డ వాల్‌బుర్గాని గుమ్మంలోంచే పంపేశావు. అన్నయ్య ఆరోజు నుంచి సరిగ్గా అన్నం తినడం లేదని నువ్వే రాశావు. ఇంక చాల్లే, ఆ పిల్లని పిలిపించు. పెళ్ళినాడు ఈ కూజాలో మొదటి గుక్క తనే తాగాలి.

మేక ఈనిందా? నాన్న దగ్గు తగ్గిందా? రేగుపళ్ళ జామ్ ఒక సీసా, నా ఉన్ని మేజోళ్ళు తీసి ఉంచు. కూజా ఆదివారం నేనే తెస్తాను.

ఇదంతా రాసి కవర్లో పెట్టి పంపొచ్చు. కావాలనే కార్డు మీద రాశాను. పోస్టుమాన్ రెమిగియస్ మామ నీకంటే ముందే చదివేసి, ఈపాటికి ఊరంతా చెప్పేసుంటాడు. ఆయనకు నా దండాలు. వాల్‌బుర్గా వదినకు ముద్దులు.

నీ సిబిల్లా