మూడో పిలుపు

అన్నా,

నువ్వు పోయి ఈ రోజుకి ఏడాది. హుకుంపేట కొండల్లో నువ్వు కలిపిన కంప్యూటర్లు ఇంకా మాట్లాడుకుంటున్నాయి. ఇప్పుడు వాటిని నేనే చూసుకుంటున్నాను. బడిలో పాత డబ్బా, ఆరోగ్య కేంద్రంలో ల్యాప్‌టాప్, కాఫీ తోటల్లో వాన కొలిచే పెట్టెలు. ఒకదాని భాష ఇంకొకదానికి రాదు. అందుకే అన్నిటికీ ఒకే కట్టుబాటు రాశావు: ఎవరు పిలిచినా మూడోసారికే "ఉన్నాను" అని పలకాలి.

అది అమ్మ చెప్పిన మాటే. "అడివిలో ఎవులైనా పిలిస్తే బేగి పలక్కండి. అది రెండుసార్లే పిలుత్తాది. మూడోసారి పిలిసినోడే మనిసి."

నీతోపాటు లోయలో పడిన వాన పెట్టె, బ్యాటరీ లేకుండా నా బల్ల మీదే ఉంది. అయినా నెల రోజులుగా, మంచు దిగినప్పుడల్లా, దాని పేరుతో రెండు పిలుపులు వస్తున్నాయి. రెండే. మన కంప్యూటర్లు పలకలేదు. నేనెవరికీ చెప్పలేదు.

ఈ ఉదయం పట్నం నుంచి కొత్త ఇంజినీరు వచ్చాడు. "మొదటిసారికే పలికితే సరిపోతుంది కదా మేడమ్, ఈ ఆలస్యం దేనికి?" అంటూ నీ కట్టుబాటు మార్చడానికి కూర్చున్నాడు. నేను వద్దనలేదు. కిటికీ బయట మంచు దిగింది. తెర మీద నీ పెట్టె పేరు వచ్చింది. ఒకసారి. రెండోసారి.

అతను మీట నొక్కబోతుండగా మూడోది వచ్చింది.

బడి పలికింది. ఆరోగ్య కేంద్రం పలికింది. తోటలన్నీ పలికాయి.

అతను నా వైపు తిరిగాడు. "మేడమ్, మీరు ‘ఉన్నాను’ అని ఎవరితో అన్నారు?"