పై పొలం గేటు మూసిన పిల్ల

తమ్ముడు విల్‌ఫ్రెడ్‌కు,

నేను హెస్టర్ ప్రోబర్ట్‌ని, వయసు ఎనభై మూడు. ఇంట్లో నేనూ, కుక్కా, నలభై గొర్రెలూ క్షేమం. మన పొలంలోంచి పోయే కొండ సైకిళ్ల దారి మూసెయ్యమని నువ్వు పంపిన అర్జీ కాగితం మీద గుర్తు పెట్టను. గొర్రెలు వాగుకు దిగాలని నేను తెరిచి ఉంచిన గేటును మొన్న వేసవిలో ఒక సైకిలు పిల్ల మేలు చేస్తున్నాననుకుని మూసిపోయింది. మంద దాహంతో అల్లాడింది. ఆ పిల్ల మళ్లీ వచ్చినప్పుడు పట్టుకున్నాను.

"గేటు ఎలా ఉంటే అలా వదలాలని మీ అమ్మ నేర్పలేదుటే?"

"తప్పయిపోయింది అవ్వా."

"తప్పు నోటితో పోదు. పైకెక్కి గట్టు ఎలా ఉందో చూసి రా."

నా మోకాళ్లు అక్కడికి ఎక్కి ఆరేళ్లయింది కదా. పొగమంచులోంచి సైకిళ్లు చప్పుడు లేకుండా, కలలో పిట్టల్లా జారి వస్తుంటే చూస్తూ కూర్చున్నాను. పిల్ల దిగొచ్చి చెప్పింది: ఊదాపూలు కొండంతా విరబూశాయట. నాన్న పేర్చిన రాతిగోడ చెక్కుచెదరలేదట. అప్పటినుంచి ప్రతి ఆదివారం వచ్చి చెబుతోంది. ఆ దారి మూస్తే నాకు కొండే మూసుకుపోతుంది. నీ కాగితం దీంతోపాటే తిప్పి పంపుతున్నాను, చింపెయ్యి.

నీ దగ్గు తగ్గిందా? నాన్న ఉన్నిటోపీ నీ దగ్గరుంటే పంపు, చెవులు గడ్డకడుతున్నాయి. చల్లగా ఉండు.

హెస్టర్ గుర్తు: ×

సాక్షులు: నేను చెబుతుంటే ఇది రాసిపెట్టిన, ఉత్తరాలు పంచే పోస్టు నోరా ప్రైస్, గేటు మూసిన జెమ్మా.